ఇటుకల కోట, శివుడి గుట్ట



ఇటలీ చూసి వచ్చినవాళ్లు మా ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కాలనీల్లో ఇప్పుడు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఉన్నారు. పిల్లలు జర్మనీలోనో లండన్‌లోనో ఉంటే తల్లిదండ్రులకు ఏదో ఒక వేసవిలో యూరప్ టూర్ ఖాయం. తిరిగొచ్చాక పలకరించడానికి వెళితే ఫోన్ మన చేతికిస్తారు. వేలితో జరుపుతూ పోతే మొదట పీసా గోపురాన్ని అరచేత్తో ఆపుతున్న పెద్దాయన కనిపిస్తారు. తర్వాత కొలోసియం ముందు చీర మీద స్వెటర్ వేసుకున్న పెద్దావిడ. ఆ తర్వాత రోమన్ ఫోరమ్. అక్కడికి వచ్చేసరికి నేను ఆగి అడుగుతాను, ఇక్కడ ఎంతసేపు ఉన్నారూ అని. "అబ్బో, సగం పూట! ఎండ మాడిపోతున్నా గైడు వదిలిపెడితేనా?" అంటారు.

ఫోరమ్‌లో ఏముందండీ? తలలు తెగిన స్తంభాలు, మొండిగోడలు, అరిగిపోయిన రాతి బాట. చాలా కట్టడాలకు పైకప్పే లేదు. అయినా ఎండలో నిలబడి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఇక్కడ సెనేట్ కూర్చునేది, అక్కడ సీజర్‌ను దహనం చేశారు అని గైడు చెబుతుంటే ఓపికగా విన్నారు. ఆ కుటుంబమే ఏటా కార్తీకంలో కీసరగుట్టకు వెళ్తుంది. రామలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంటుంది, ఉసిరిచెట్టు వెతుక్కుని భోంచేస్తుంది, చీకటి పడకముందే ఇల్లు చేరుతుంది. ఆ గుట్ట మీదే దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి కోట ఉంది, ఇటుక కట్టడాల పునాదులు ఉన్నాయి. చూశారా అని అడిగితే, "ఎక్కడ?" అంటారు.

వాళ్లను నేనేమీ తప్పు పట్టను. రోమ్‌లో గైడు ఉన్నాడు, టికెట్ ఉంది, విమానం ఖర్చు గుర్తుంది. గుట్ట మీద దేవుడున్నాడు, ఆకలి ఉంది, కోతులున్నాయి. ఇటుకల దగ్గర ఆగమని చెప్పేవాళ్లు లేరు. కాబట్టి ఆ పని ఈ పూట నేను చేస్తాను. మా ఇంటిల్లిపాదీ కలిసి కీసరగుట్టకు వెళ్లొచ్చిన ఒక రోజు గురించి చెబుతాను.

ఇంటిల్లిపాదీ అంటే మా అత్తమ్మ, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, ఆమె తమ్ముడు, నేను. కారులో పోదామని ఆయన, బస్సులో పోదామని అత్తమ్మ. అత్తమ్మ మాటే నెగ్గింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కదా. ఆ రోజు నుంచి ఆవిడ పర్సులో డబ్బు కన్నా ముందు ఆధార్ కార్డు సర్దుకుంటారు. కండక్టర్ మా ముగ్గురికీ జీరో టికెట్లు కొట్టి ఇస్తే వాటిని భద్రంగా మడిచి పెట్టుకున్నారు. మగవాళ్లిద్దరూ డబ్బులిచ్చి టికెట్ కొనుక్కున్నారు. "మీ తాత ఉంటే ఈ లెక్కకు ఒప్పుకునేటోడు కాదురా" అని మనవడితో అని తానే నవ్వుకున్నారు.

ఉప్పల్ నుంచి కీసరగుట్ట పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. నాచారం, మల్లాపూర్, ఈసీఐఎల్ చౌరస్తా, నాగారం, కీసర, గుట్ట: ఇదీ వరస. ఈ దారిని అందమైన దారి అనలేను. నాచారం అంటే ఫ్యాక్టరీ గేట్లు, లారీలు, పాతవాళ్లకైతే ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో. మల్లాపూర్ దాటాక కిటికీలోంచి మౌలాలి గుట్ట కనబడుతుంది, దాని నెత్తిన దర్గా. ఆ గుట్ట కిందే మహలఖా బాయి చందా సమాధి ఉంది. ఉర్దూలో తన గజళ్లతో దీవాన్ కూర్చిన తొలి కవయిత్రుల్లో ఒకరు, 1824లో పోయింది. అక్కడ దిగితే రోజంతా అక్కడే అయిపోతుందని దిగలేదు. తర్వాత న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ప్రహరీ, ఆపైన ఈసీఐఎల్. మా చిన్నప్పుడు ఇళ్లలో ఈసీ టీవీ ఉండేది, గుర్తుందా? అది చేసింది ఈ సంస్థే. ఇప్పుడు మన ఓట్లు నొక్కే యంత్రాలు చేసే రెండు సంస్థల్లో ఇదొకటి. ఈ మాట చెబితే మా అమ్మాయి మొదటిసారి ఫోన్‌లోంచి తలెత్తి బయటికి చూసింది.

దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది. అక్కడ దిగితే సికింద్రాబాద్ దాకా పోనక్కర లేకుండానే ఈ దారిలో పడొచ్చు. సొంత బండి ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద కీసర ఎగ్జిట్ దగ్గర దిగిపోవచ్చు. మధ్యలో కొంచెం పక్కకు తిరిగితే చీర్యాల లక్ష్మీనరసింహస్వామి గుడి. అత్తమ్మ అక్కడా దిగుదామన్నారు. పిల్లల ముఖాలు చూసి, తిరుగు ప్రయాణంలో అని సర్దిచెప్పాం.

కీసర ఊరు దాటి గుట్ట ఎక్కుతున్నప్పుడు గాలి మారుతుంది. ఆ చుట్టుపక్కలంతా రిజర్వు అడవి. పెద్ద చెట్ల అడవిని ఊహించుకోకండి. మన దక్కను బండలు, బండల మధ్య పొదలు, కాలాన్ని బట్టి సీతాఫలాలు. నగరం పెరిగి పెరిగి అడవి అంచు దాకా వచ్చింది. గుట్ట మీది నుంచి కిందికి చూస్తే ఒక పక్క పొదలు, ఇంకో పక్క అపార్టుమెంట్లు.

ముందు దర్శనం. ఇందులో చర్చకు తావు లేదు, మా ఇంట్లో అసలే లేదు. భవానీ సమేత రామలింగేశ్వరుడు. లోపల లింగం స్వయంభువు అంటారు. బయటికి వచ్చాక మొదలవుతుంది ఈ గుట్ట వింత. గుడి చుట్టూ, బండల మీద, ఆరుబయట, ఎండలో వానలో లింగాలు. ఒకటి రెండు కాదు, ఎటు తిరిగితే అటు. భక్తులు ఒక్కో లింగం మీద నూనె పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టి ముందుకు సాగుతారు. అన్నిటికీ నూనె చాలదు కాబట్టి ఎవరికి నచ్చిన లింగాలు వాళ్లు ఎంచుకుంటారు. మా అత్తమ్మకు ఒక మూల బండ పక్కన ఉన్న చిన్న లింగం ఇష్టం. "దీనికి ఎవ్వరూ పొయ్యరు పాపం" అంటారు ప్రతిసారీ.

"ఇన్నెందుకు నానమ్మా?" అని అడిగాడు మావాడు.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు అత్తమ్మ బండ మీద కూర్చుని కథ ఎత్తుకున్నారు. రావణుడు బ్రాహ్మడు కదా, అతన్ని చంపిన పాపం పోవడానికి రాముడు శివలింగం ప్రతిష్ఠ చేద్దామనుకున్నాడు. ఈ కొండ నచ్చింది. కాశీకి పోయి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడు. ఆయన అక్కడ ఏది మంచిదో తేల్చుకోలేక నూటొక్క లింగాలు పట్టుకొచ్చాడు. ఆలోగా ముహూర్తం దాటిపోతోంది. శివుడే ప్రత్యక్షమై రాముడికి ఒక లింగం ఇచ్చాడు, ప్రతిష్ఠ అయిపోయింది. మోసుకొచ్చిన హనుమంతుడికి కోపం రాదా? తెచ్చిన లింగాలన్నీ విసిరికొట్టాడు. అవే ఇవి. రాముడు ఆయన్ను బుజ్జగించి, ఈ కొండకు నీ తండ్రి కేసరి పేరు పెడతానన్నాడు. కేసరిగిరి, అదే జనం నోట కీసర అయింది.

"అంటే హనుమంతుడు అలిగిండా?" అన్నాడు వాడు.

"అలగడా మరి? పొద్దుగాల లేచి కాశీకి పోయి మోసుకొస్తే, పనైపోయిందంటే నువ్వైతే ఊకుంటవా?"

ఈ కథ ఇప్పటికి ఎన్నోసార్లు విన్నాను. వినే కొద్దీ నాకు ఒక విషయం మీద గౌరవం పెరుగుతోంది. ఎప్పుడో, ఎవరో, ఈ గుట్ట మీద నిలబడి, సరిగ్గా మావాడు అడిగిన ప్రశ్నే అడిగారు. ఒక గుడికి ఒక లింగం చాలు కదా, ఇక్కడ ఇన్ని ఎందుకున్నాయి? ఇలా చెల్లాచెదురుగా ఎందుకు పడి ఉన్నాయి? ఆ ప్రశ్నకు వాళ్లకు అందిన సామగ్రితో వాళ్లు జవాబు చెప్పుకున్నారు. జవాబు రామాయణంలోంచి తెచ్చుకున్నా ప్రశ్న మాత్రం కళ్లతో చూసి పుట్టిందే.

పురావస్తు శాఖ వాళ్లు పలుగూ పారా పట్టుకుని గుట్టకు వచ్చినప్పుడు వాళ్లడిగిందీ అలాంటి ప్రశ్నే. తవ్వితే కోట గోడ బయటపడింది, ఇటుక కట్టడాల, గుళ్ల పునాదులు బయటపడ్డాయి, విష్ణుకుండినుల నాణేలు దొరికాయి. మన రాజుల్లో విష్ణుకుండినులకు పేరు రాలేదు. శాతవాహనులంటే అందరికీ తెలుసు, కాకతీయులంటే రొమ్ము విరుస్తాం, మధ్యలో వీళ్లను పాఠ్యపుస్తకం నాలుగు ముక్కల్లో దాటేస్తుంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలను మాత్రం నిద్ర లేపి అడిగినా చెబుతారు: రెండో మాధవవర్మ, పదకొండు అశ్వమేధాలు, వాకాటక రాకుమారిని పెళ్లాడాడు, నాణెం మీద సింహం. వాళ్ల రాజధాని ఎక్కడన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వినుకొండ అన్నవాళ్లున్నారు, దెందులూరు అన్నవాళ్లున్నారు. రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెంలో రాగిశాసనాలు దొరికాక అదే వాళ్ల రాజధాని ఇంద్రపాలనగరమని బి.ఎన్. శాస్త్రి గారు గట్టిగా నిలబడ్డారు. మాధవవర్మ యజ్ఞాల్లో కొన్ని ఈ కీసర గుట్ట మీదే జరిగి ఉంటాయని నమ్మే చరిత్రకారులూ ఉన్నారు. రాజధాని ఏదైనా, కీసర వాళ్లకు ముఖ్యమైన చోటు. ఊరికే గుట్ట చుట్టూ కోట కట్టరు కదా.

ఆ వంశంలో గోవిందవర్మ బౌద్ధ విహారాలకు దానాలిచ్చాడు. తర్వాతి రాజులు తాము పరమమాహేశ్వరులమని శాసనాల్లో రాయించుకున్నారు. అలాంటి శివభక్తుల కోటలో గుళ్లు ఎన్ని ఉండి ఉంటాయో ఊహించండి. నాకు తోచేది ఇది: ఆరుబయట పడి ఉన్న ఈ లింగాల్లో చాలావాటికి ఒకప్పుడు తలొక చిన్న ఇటుక గుడి ఉండి ఉండాలి. ఇటుక కరిగిపోయింది, రాయి నిలిచింది. ఇల్లు పోయి దేవుడు మిగిలాడు. అత్తమ్మ నూనె పోసే ఆ బుల్లి లింగానికీ ఎప్పుడో ఒక తలుపు, ఒక దీపం గూడు, ఒక పూజారి ఉండేవారేమో. ఈ మాట అత్తమ్మతో అంటే, "ఉంటే ఉండచ్చు. కానీ విసిరింది మాత్రం హనుమంతుడే" అని తేల్చేశారు. ఆ పాయింటు మీద నేను మళ్లీ మాట్లాడలేదు.

దర్శనమయ్యాక ఆవిడ నీడన కూర్చుంటే మిగతా నలుగురం ఇటుకల దగ్గరికి వెళ్లాం.

ఒక హెచ్చరిక. పునాదుల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లి "చూడండి, ఎంత ప్రాచీనమో!" అంటే వాళ్లకు ఏమీ కనబడదు. పెద్దలకూ కనబడదు. మోకాలెత్తు గోడలు, మధ్యలో గడ్డి, అంతే. ఎవరో ఇల్లు కట్టడం మొదలుపెట్టి డబ్బులు చాలక ఆపేసినట్టుంటుంది. రోమ్‌లో గైడు చేసే పని ఇక్కడ మనమే చేసుకోవాలి. నేను పిల్లలకు ఒకటే పని పెట్టాను: తలుపు ఎక్కడుందో కనిపెట్టండి. తలుపు దొరికితే లోపలేది, బయటేది తెలుస్తుంది. లోపల తెలిస్తే ముందు గది, వెనక గది తెలుస్తాయి. తర్వాత మూలలు చూడమన్నాను. రెండు గోడలు కలిసే చోట ఇటుకలు ఒకదానిలోకి ఒకటి పెనవేసుకుని ఉంటే రెండూ ఒకేసారి కట్టినవి. ఒక గోడ వచ్చి ఇంకోదానికి ఊరికే ఆనుకుని ఉంటే అది తర్వాత కట్టింది. ఇది పురావస్తు శాస్త్రం పెద్ద పుస్తకాల్లో ఉండేదే కానీ మా వీధి మేస్త్రీకీ తెలుసు.

అమ్మాయికి ఇది పట్టుకుంది. గోడ వెంట వంగి నడుస్తూ ఒక ఇటుక పక్కన తన జాన పెట్టి చూసింది. ఇప్పటి మన ఇటుకల కన్నా అవి ఎంతో పెద్దవి, బల్లపరుపుగా ఉంటాయి. "ఇంత పెద్ద ఇటుక ఎట్ల మోసేవాళ్లమ్మా?" అంది. ఒక్కోటి మోసి ఉంటారు. కింద ఎక్కడో మట్టి తొక్కి, అచ్చు పోసి, బట్టీ కాల్చి, ఈ గుట్ట మీదికి ఎక్కించారు. రాయి ఇక్కడ కావలసినంత ఉంది, కాలు పెడితే బండే. అయినా ఇటుకతో కట్టారంటే, అప్పటికి గుళ్లూ మేడలూ కట్టడమంటే ఇటుక పనే. నాగార్జునకొండ విహారాలు ఇటుకలే, సూర్యాపేట జిల్లా ఫణిగిరి స్తూపమూ ఇటుకే. రాతి గుళ్లు మన నేల మీద పెరిగింది ఆ తర్వాత.

ఈ కోట కట్టిన కాలంలో రోమ్ ఏం చేస్తోందో చెబితే పిల్లలకు తేదీలు నిలుస్తాయి. 476లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యం చివరి చక్రవర్తి, ఇంకా కుర్రవాడు, రోములస్ అగస్టులస్‌ను దింపేశారు. అక్కడ సామ్రాజ్యం కూలుతున్న ఆ శతాబ్దంలోనే ఇక్కడ విష్ణుకుండినులు తలెత్తారు. రెండు చోట్లా ఒకరి ఊసు ఒకరికి తెలియదనుకోకండి. అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందే రోమన్ నాణేలు మన నేలకు వచ్చాయి. నల్లగొండ వైపు అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకే కుప్పగా దొరికాయి. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లోనూ రోమన్ నాణేలు వచ్చాయి. మన సరుకులకు ఇచ్చిన డబ్బు. ఆ తర్వాత చాలా కాలానికి, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ వెళ్లి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కాను కొనుక్కొచ్చాడు. హైదరాబాద్ పిల్లలు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీని మొదట చూసేది ఆ పాలరాతి ముసుగులోనే. మా అమ్మాయి అది గుర్తు తెచ్చుకుని, "అది చాలా నున్నగా ఉంటది, ఇదేమో ఇట్లుంది" అంది ఇటుకను తడుముతూ. నిజమే. దానికి అద్దాల గది, కాపలా, గుంపు. దీని మీద అప్పుడే ఒక తొండ ఎక్కి తలాడిస్తోంది.

ఇప్పుడు నాకు ఈ గుట్ట మీద అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఇక్కడ ఒక బండ మీద చిన్న చెక్కడం ఉంది. ఒకే మాట: తొలుచువాండ్రు. రాయి తొలిచేవాళ్లు. ఐదో శతాబ్దం నాటిదని శాసన పరిశోధకులు చెబుతారు. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు రాతల్లో దీన్ని లెక్కపెడతారు. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా అందరూ చెప్పే కడప జిల్లా కలమళ్ల శాసనం 575 నాటిది. ఇది దానికన్నా ముందుదన్నమాట. రాజుల శాసనాలు ఆ కాలంలో సంస్కృతంలోనో ప్రాకృతంలోనో ఉండేవి. వంశం, గోత్రం, అశ్వమేధాల లెక్క, దానమిచ్చిన ఊరి హద్దులు. ఇక్కడ అవేవీ లేవు. ఉలి పట్టినవాళ్లు, తాము ఇంట్లో మాట్లాడుకునే మాటలో, మేమున్నాం అని రాసుకున్నారు. తమ బస గుర్తుకో, తమ పని గుర్తుకో. పండితుడు ఏ రాజు పేరు చెబితే అది చెక్కే చేతులే కదా అవి. ఒక పూట తమ కోసం చెక్కుకున్నాయి.

రోమ్‌లో పాంథియన్ అని గొప్ప గుడి. నెత్తిన గుండ్రటి కంత, అందులోంచి ఎండ కిందికి దిగుతుంది. దాని నొసట పెద్ద అక్షరాలతో ఉండే పేరు అగ్రిప్పది, ఆయన కట్టించాడని. తీరా ఇప్పుడు మనం చూసేది అగ్రిప్ప కట్టించినది కాదు. అది పాడైతే హాడ్రియన్ చక్రవర్తి మళ్లీ కట్టించాడు, 126 ప్రాంతంలో. పాత పేరే ఉంచేశాడు. టూరిస్టులు తలెత్తి ఆ పేరు చదివి ఫొటో తీసుకుంటారు. కట్టించినవాళ్లిద్దరి కథా గైడు చెబుతాడు. కాంక్రీటు కలిపినవాళ్లు ఎవరో అక్షరం లేదు. కీసరలో తిరగబడింది: కోట ఎవరు కట్టించారని చరిత్రకారులు కొట్లాడుకుంటుంటే, రాయి తొలిచినవాళ్లు మాత్రం హాజరు వేసుకుని పోయారు. ఆ రెండింట్లో నన్ను ఒకటి ఎంచుకోమంటే క్షణం ఆలోచించను.

పాంథియన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతీ. అంత పాత కట్టడం పైకప్పుతో సహా నిలిచిందంటే కారణం, 609లో దాన్ని చర్చిగా మార్చారు. పూజ ఆగలేదు, మరమ్మతు ఆగలేదు. పక్కనే ఫోరమ్‌కు ఆ అదృష్టం పట్టలేదు. రాజ్యం పోయాక మట్టి కమ్మేసింది. వందల ఏళ్లు అక్కడ పశువులు మేశాయి. రోమ్ జనం దాన్ని ఆవుల మైదానం అనే పిలిచేవారు. కొలోసియం రాళ్లను పీక్కుపోయి చర్చిలు, మేడలు కట్టుకున్నారు. గైడ్లు, టికెట్లు, ఇయర్‌ఫోన్లు అన్నీ నిన్న మొన్నటివి.

కీసరలో జరిగిందీ అచ్చం అదే. రామలింగేశ్వరుడి దగ్గర దీపం ఆరలేదు, కాబట్టి గుడి ఉంది, దారి ఉంది, శివరాత్రికి లక్షల మంది ఉన్నారు. కోటలో దీపం ఆరింది, కాబట్టి మేకలు వచ్చాయి. మేం ఉన్నంతసేపూ ఒక మేకల మంద గోడల పక్కనే మేసింది. కాపరి తాత ఒకాయన మమ్మల్ని చూసి, "గుడి అటు ఉంది బిడ్డా, దారి తప్పిన్రా?" అని అడిగాడు. ఇటుకలు చూడటానికే వచ్చామంటే నమ్మలేదు. కాసేపు మాతో నిలబడి, "మా చిన్నగున్నప్పుడు ఇవన్నీ మట్టికుప్పలే. సార్లు వచ్చి తవ్విన్రు" అన్నాడు. మా ఆయన సిగ్గు విడిచి ఆయన్ను ఇంకా ఇంకా అడిగారు. నాకు తెలిసిన గైడ్లందరి కన్నా ఆయన తక్కువ మాట్లాడాడు, ఒక్క ముక్కా కల్పించలేదు.

ఎండెక్కాక సద్ది విప్పాం. పులిహోర, పెరుగన్నం, మామిడికాయ తొక్కు, రాత్రి చేసిన సర్వపిండి. ఇక్కడ కోతుల గురించి చెప్పకపోతే శ్రోతలకు ద్రోహం చేసినదాన్ని అవుతాను. సంచి జిప్పు తీసే చప్పుడు వాటికి తెలుసు. అరటిపండు పొరపాటున కూడా బయటికి తీయకండి. అల్యూమినియం రేకులో చుట్టినదేదైనా వాటికి భోజనమే. కర్ర పట్టుకుని ఒకరు నిలబడితేనే మిగతావాళ్లు తినగలరు. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా ఆయనది. ఆయన వంతు వచ్చేసరికి సర్వపిండి అయిపోయింది. ఒకటి కోతి ఎత్తుకుపోయింది కూడా. "కేసరి మనుమలు, తిననియ్యి" అన్నారు అత్తమ్మ. కేసరి మనుమలు తినేది తాను చేసిన సర్వపిండి కాబట్టి ఆ మాట అనే హక్కు ఆవిడకు ఉంది.

వెళ్లదలచినవాళ్లకు రెండు మూడు మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకా ఎండ మంచిగా ఉంటుంది. వేసవిలో బండ కాలుతుంది, గుళ్లో చెప్పుల్లేకుండా నడవాలి, గుర్తుంచుకోండి. ఇటుకలు చూడాలంటే శివరాత్రినాడు మాత్రం వద్దు. ఆ రోజు గుట్ట భక్తులది, గోడల దగ్గర కూడా నిలబడే చోటుండదు. శివరాత్రి కాక ఇంకే రోజైనా పొద్దున త్వరగా వెళ్లండి. పునాదుల మీద ఎక్కి ఫొటోలు దిగకండి. ఒక ఇటుక కదిలితే దానితోపాటు అది చెప్పే సంగతీ కదులుతుంది. పిల్లలకు టేపు ఒకటి ఇవ్వండి, కొలవడానికి. పెద్దవాళ్లను తొందర పెట్టకండి, వాళ్ల లింగాలు వాళ్లకున్నాయి.

గుట్ట చూసి రుచి తగిలిందంటే, ఇదే విష్ణుకుండినుల జాడ ఉప్పల్ పక్కనే ఇంకోటి ఉంది. చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద ప్రాకృతంలో చెక్కిన శాసనం. గోవిందరాజ విహారం అని ఒక బౌద్ధ విహారం పేరు అందులో ఉంది. హైదరాబాద్ నగరంలో దొరికిన రాతల్లో పాతదిగా దాన్నే చెబుతారు. నాలుగు వందల ఏళ్ల చార్మినార్‌ను చూసి మన ఊరి వయసు లెక్క కట్టేవాళ్లు దాన్ని ఒకసారి చూడాలి. మా అమ్మాయి అప్పుడే మెట్రో మ్యాపు తీసి దారి వెతికింది. నాగోలు నుంచి ఎక్కితే అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి, మళ్లీ ఇటే వెనక్కి రావాలి. నాగోలులో దిగి ఆటో మాట్లాడుకుంటే పది పదిహేను నిమిషాలు. అత్తమ్మకు ఆటోలో ఆధార్ కార్డు పనికిరాదు, అదొక్కటే చిక్కు.